ఏ ధరలో ఏ వైన్ వెతకాలి, నచ్చినదాన్ని నలుగురితో ఎలా పంచుకోవాలి

మీరు అడిగింది ఇది: ఆరుగురు స్నేహితులు నెలకోసారి కలుస్తారు, తలా ఒక వైన్ సీసా తెస్తారు. ఒకరు చౌకది తెస్తే ఇంకొకరు జేబు ఖాళీ చేసేది తెస్తారు. ధర తెలియగానే అభిప్రాయాలు మారిపోతున్నాయి. ఖరీదైనది నచ్చలేదని చెప్పడానికి అందరికీ మొహమాటం. తక్కువ ధరలో, మధ్యరకంలో, బాగా ఎక్కువలో దేన్ని వెతకాలి, నచ్చినదాన్ని ఇంకొకరికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

వైన్ రుచి చూసి, సరుకు ఎంచి కొనే పనిలో పడి నాకు ఇరవై ఏళ్లు దాటింది. ఒక్క పొద్దుటే నలభై వైన్లు నోట్లో తిప్పి ఉమ్మేసిన రోజులు లెక్కలేనన్ని. (ఉమ్మడం ఈ పనిలో మర్యాదకు లోటు కాదు. మింగితే పదోది దాటాక నాలుక మాట వినదు.) ధర పెరిగిన వరసలో రుచి పెరగదని మాత్రం గట్టిగా చెప్పగలను. ఒక్కో ధర దగ్గర మన డబ్బు ఒక్కో పనికి పోతుంది. ఏ పనికి పోతోందో తెలిస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే. అందుకే ముందు ఆ లెక్క చెబుతాను.

గాజు సీసా, బిరడా, లేబుల్, అట్టపెట్టె, రవాణా, చాలాచోట్ల పన్ను కూడా చౌక వైన్‌కీ మధ్యరకం వైన్‌కీ ఇంచుమించు ఒకటే అవుతాయి. కాబట్టి అన్నిటికంటే చౌక సీసాలో మీరిచ్చే డబ్బులో ఎక్కువ భాగం సీసాకీ దాని ప్రయాణానికీ పోతుంది. లోపలి ద్రాక్షరసానికి మిగిలేది చాలా తక్కువ. దానికి రెండింతలు పెడితే సీసా ఖర్చు పెద్దగా పెరగదు. పెంచినదంతా దాదాపు వైన్‌లోకే వెళుతుంది. అంటే ధర రెండింతలైతే లోపలి సరుకు మీద పెట్టే ఖర్చు మూడు నాలుగింతలు కావచ్చు. డబ్బుకు తగ్గ ప్రతిఫలం బాగా కనిపించేది ఈ అడుగు దగ్గరే.

ఆ తర్వాత కొంత దూరం వరకూ ధర న్యాయంగానే పెరుగుతుంది. తీగకు తక్కువ గుత్తులు ఉంచుతారు, చేత్తో కోస్తారు, పీపాల్లో నిలవ పెడతారు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో వాడే ఓక్ పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే 300 సీసాలు. ఏటా కొత్త పీపాలు కొనే చోట ఆ ఖర్చంతా ఈ 300 సీసాలు పంచుకోవాలి. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున కొన్ని తోటలు 60 డిగ్రీలకు మించిన వాలు మీద ఉంటాయి. అక్కడికి ట్రాక్టర్ ఎక్కదు. మనుషులు గోడ ఎక్కినట్టు ఎక్కి పని చేస్తారు. ఇలాంటి ఖర్చు గ్లాసులో కనిపిస్తుంది.

ఇంకా పైకి వెళితే మనం కొనేది ఎక్కువగా పేరునీ, కొరతనీ. ఫ్రాన్స్‌లోనే బర్గండీ ప్రాంతంలోని రొమనే-కోంటీ తోట మొత్తం రెండు హెక్టార్లు కూడా ఉండదు. ప్రపంచంలోని ధనవంతులంతా దాని కోసమే పోటీ పడితే ధర ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. అక్కడ ధర పదింతలైతే రుచి కూడా పదింతలు అవుతుందని ఎవరైనా చెబితే, ఆయన దగ్గర అమ్మాల్సిన సరుకు ఉందని అర్థం. పిండి కొద్దీ రొట్టె అన్న మాట వైన్ విషయంలో మధ్యరకం వరకే చెల్లుతుంది.

ఇక తక్కువ ధర సంగతి. ఇక్కడ నేను చూసేది, ఆ వైన్ తయారీకి ఖరీదైన హంగులు అవసరమా కాదా అన్నది. కొన్ని వైన్లకు కొత్త పీపా, ఏళ్ల తరబడి నిలవ ఏవీ అక్కర్లేదు. కుర్రతనంలో తాగితేనే వాటికి అందం. ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసే చోట చేసే మ్యూస్కాడే తీసుకోండి. పులిసిన తర్వాత అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీదే చలికాలమంతా ఉంచుతారు, లేబుల్ మీద 'స్యూర్ లీ' అని రాస్తారు. నిమ్మలాంటి పులుపు, చివర్లో చిన్న ఉప్పదనం, మడ్డి వల్ల వచ్చిన మెత్తదనం ఉంటాయి. దీనికి ఫ్యాషన్ లేదు కాబట్టి ధరా లేదు. పోర్చుగల్ విన్యో వెర్డే, దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్ కూడా ఈ బాపతే. ఎర్రవాటిలో ఫ్రాన్స్ దక్షిణ రోన్ వైపు గ్రెనాష్ అనే ద్రాక్ష ఎక్కువగా కలిపి చేసే కోట్ దు రోన్, స్పెయిన్ ఎత్తు ప్రాంతాల గార్నాచా (ఇదీ గ్రెనాషే, పేరు మాత్రం వేరు), చిలీ కార్మెనేర్ ఈ ధరలో నన్ను తక్కువసార్లు నిరాశపరిచాయి.

కార్మెనేర్ కథ తమాషాగా ఉంటుంది. బోర్డో నుంచి 19వ శతాబ్దంలో చిలీకి తీసుకెళ్లిన తీగల్లో ఇదొకటి. ఆ తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తోటల్ని నాశనం చేసినప్పుడు బోర్డోలో కార్మెనేర్ దాదాపు కనుమరుగైపోయింది. చిలీలో మాత్రం మెర్లో అనే ఇంకో ద్రాక్ష తీగల మధ్య మెర్లో పేరుతోనే దాక్కుని బతికింది. మెర్లో పండాక కూడా ఈ 'మెర్లో' ఇంకా పచ్చిగానే ఎందుకుంటుందో రైతులకు అంతుపట్టేది కాదు. 1994లో జాన్-మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆ తోటల్లోకి వచ్చి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని గుర్తుపట్టాడు. సరిగ్గా పండకముందు కోస్తే పచ్చి కాప్సికం వాసన గుప్పుమంటుంది. ఓపిగ్గా పండనిస్తే మిరియాల ఘాటుతో మెత్తగా ఉంటుంది. ఇది తెలిశాక మీకు నచ్చని కార్మెనేర్ ఎందుకు నచ్చలేదో మీరే చెప్పగలరు.

తక్కువ ధరలో వద్దనుకోవాల్సినవి కూడా చెప్పాలి. మొదటిది, ఖరీదైనదానిలా నటించే వైన్. పీపాకు డబ్బు లేక ఓక్ చెక్కముక్కలు వేసి వెనిలా వాసన తెప్పిస్తారు, బరువైన సీసాలో పోస్తారు. చెక్కముక్కలు వాడటం నేరమేమీ కాదు, కానీ రెండో గ్లాసుకే మొహం మొత్తుతుంది. రెండోది, పెద్ద పేర్ల అట్టడుగు సరుకు. అన్నిటికంటే చౌక షాంపేన్, అన్నిటికంటే చౌక షాటోనెఫ్-దు-పాప్, అన్నిటికంటే చౌక బరోలో. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అదే డబ్బుకు పేరు లేని చోట దొరికే అత్యుత్తమమైనది కొనొచ్చు. మూడోది చౌక పినో న్వార్. ఆ ద్రాక్ష పెంచడమే కష్టం, దిగుబడి పెంచితే నీళ్లలా తయారవుతుంది. మరలు తిప్పే మూత ఉన్నా, అట్టపెట్టెలో సంచి ఉన్నా చిన్నచూపు చూడకండి. ఆ సంచిలో వైన్ తగ్గేకొద్దీ సంచి ముడుచుకుంటుంది కానీ గాలి చొరబడదు. తెరిచాక కొన్ని వారాలు నిలబడుతుంది.

ఒక్క షెర్రీ గురించి మాత్రం ఇక్కడ ఆగి చెప్పాలి. స్పెయిన్ దక్షిణాన హెరెజ్ చుట్టుపక్కల చేస్తారు. అందులో ఫీనో అనే రకాన్ని మొదటిసారి రుచి చూసినప్పుడు సీసా చెడిపోయిందనే అనుకున్నాను. తీపి చుక్క లేదు. పులిసిన పిండి వాసన, బాదం తొక్క చేదు. పీపాను నిండా నింపకుండా కొంత ఖాళీ ఉంచుతారు, వైన్ పైన ఈస్ట్ తెల్లటి దుప్పటిలా పరుచుకుంటుంది. దాన్ని ఫ్లోర్ అంటారు. ఆ దుప్పటి కింద గాలి తగలకుండా వైన్ ఏళ్లు గడుపుతుంది. కొత్తదీ పాతదీ వరస పీపాల్లో కలుపుతూ పోతారు. ఇంత శ్రమ, ఇన్నేళ్ల కాలం పట్టిన తెల్లవైన్ వేరే ఏ ప్రాంతంలోనూ ఈ ధరకు దొరకదు. నాకు నచ్చడానికి నాలుగోసారి పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ ఒక చిన్న సీసా చల్లగా ఉంటుంది. పెద్ద సీసా కొనకండి. తెరిచాక వారంలో దాని చురుకు పోతుంది.

మధ్యరకానికి వస్తే, నా సొంత డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే. ఇక్కడ నేను పట్టుకునే దారులు రెండు. పేరున్న ఊరి పక్క ఊరు ఒకటి, మంచి నిర్మాత చేసే చిన్న వైన్ రెండోది.

పక్క ఊరంటే, షాటోనెఫ్-దు-పాప్ బదులు దగ్గర్లోని జిగోందాస్ గానీ వాకేరాస్ గానీ. ఎర్మిటాజ్ కొండ బదులు దాని చుట్టూ ఉన్న క్రోజ్-ఎర్మిటాజ్, అదే సిరా ద్రాక్ష. బర్గండీలో తెల్లవైన్‌కి పులిన్యీ-మొంట్రాషే పేరు మోగిపోతుంటే, దాని వెనక లోయలో సెంటొబాన్ ఉంది. ఒకప్పుడు అక్కడ ద్రాక్ష సరిగా పండదని తీసిపారేసేవాళ్లు. ఎండలు ముదిరాక ఆ చల్లటి లోయకే గిరాకీ వచ్చింది, ధర కూడా కదులుతోంది. బోజొలే సంగతి ఇంకా విచిత్రం. ఏటా నవంబర్ మూడో గురువారం హడావుడిగా వచ్చే కొత్త వైన్ వల్ల ఆ పేరంటేనే చాలామందికి పలచన. కానీ అదే ప్రాంతంలో మోర్గోన్, ఫ్లూరీ, మూలాన్-అ-వాన్ లాంటి పది చిన్న ప్రాంతాలు తమ పేరుతోనే వైన్ అమ్ముకుంటాయి. చాలా లేబుళ్ల మీద బోజొలే అన్న మాటే కనపడదు. గామే ద్రాక్షతో చేసిన మంచి మోర్గోన్‌ని ఐదారేళ్లు ఉంచి, లేబుల్ దాచి పోస్తే బర్గండీ అని పందెం కట్టినవాళ్లను చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

చిన్న వైన్ అంటే, ఇటలీలో బరోలో అనిపించుకోవాలంటే నెబ్బియోలో ద్రాక్ష వైన్‌ని కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కపీపాలో ఉంచాలి. అదే నిర్మాత అదే ద్రాక్షతో లాంగే నెబ్బియోలో పేరుతో త్వరగా వదిలే వైన్ ఒకటి చేస్తాడు. కొన్నిసార్లు బరోలో తోటల్లోని కుర్ర తీగల పండ్లే అందులోకి వెళతాయి. గులాబీ, తారు వాసన ఉంటుంది. వగరు కొంచెం తక్కువ, ఆగాల్సిన పని లేదు. బ్రునెల్లో ది మొంటాల్చీనో కూడా ఇలాగే. పంట కోసిన ఏడాది తర్వాత ఐదో ఏడు జనవరి దాకా అమ్మకూడదు. రోస్సో ది మొంటాల్చీనో మరుసటి ఏడాదే బయటికొస్తుంది. రెండూ శాన్జోవేజే ద్రాక్షే. నిర్మాత మంచివాడైతే అతని రోస్సో, ఓ మాదిరి నిర్మాత బ్రునెల్లో కంటే నాకు నచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఈ ధరలోనే ఇంకో అవకాశం, కాలాన్ని కొనుక్కోవడం. స్పెయిన్‌లోని రియోహాలో ఎర్రవైన్ మీద రిసెర్వా అని రాయాలంటే కనీసం మూడేళ్లు, అందులో ఒక ఏడాది పీపాలో ఉంచాలి. గ్రాన్ రిసెర్వాకి ఐదేళ్లు. అంటే మీ ఇంట్లో దాచాల్సిన పని వాళ్లే చేసి పెడుతున్నారు. ఆ ఐదేళ్ల అద్దె లెక్క వేస్తే గ్రాన్ రిసెర్వా ధర నాకు ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. మోజెల్ తెల్లవైన్ రీస్లింగ్ కాబినెట్ కూడా తప్పకుండా చూడండి. ఆల్కహాల్ ఎనిమిది తొమ్మిది శాతం దగ్గరే ఉంటుంది, కొంచెం తీపి, దాన్ని కోసేసే పులుపు. తీపి వైన్ అనగానే మొహం తిప్పుకునేవాళ్లకు పేరు చెప్పకుండా పోయండి. తీపి వద్దనుకుంటే లేబుల్ మీద 'ట్రోకెన్' అన్న మాట వెతకండి.

ఖరీదైన వైన్ల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే వాటి గురించి అందరూ చెబుతారు. బోర్డోలో 1855లో పారిస్ ప్రదర్శన కోసం వైన్ దళారులు అప్పటి ధరల ఆధారంగా వేసిన నిర్మాతల వరసే ఈనాటికీ ధరల మీద ప్రభావం చూపుతోంది. పై వరసలో వచ్చిన పెద్ద మార్పు ఒక్కటే, 1973లో మూతోన్ రోత్‌షిల్డ్‌ని రెండో తరగతి నుంచి మొదటిదానికి ఎక్కించడం. మరి పేరూ రుచీ ఎంత కలిసి నడుస్తాయి? 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వర్తకుడు ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలకు పేర్లు దాచి వైన్లు పోయించాడు. తెల్లవాటిలో కాలిఫోర్నియా షాటో మొంటెలీనా 1973, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 మొదట నిలిచాయి. ఎర్రవాటిలో మూతోన్ రెండో స్థానంలో ఆగింది. దీన్నిబట్టి ఫ్రెంచ్ వైన్ గొప్పది కాదని కాదు. లేబుల్ కనపడి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు.

బర్గండీలో అయితే పేరు ఒక్కటే చాలదు. క్లో ద వూజో అనే గ్రాన్ క్రూ (అత్యున్నత తరగతి) తోట సుమారు 50 హెక్టార్లు, యజమానులు 80 మంది దాకా ఉంటారు. అందరి లేబుల్ మీదా అదే తోట పేరు. కొండవాలులో పైన ఉన్న వరసలూ, కింద రోడ్డు పక్క వరసలూ ఒకటి కావు. చేసే చేతులూ ఒకటి కావు. అందుకని పెద్ద డబ్బు పెట్టేటప్పుడు తోట కంటే ముందు నిర్మాతను చూడండి.

దాచడం గురించి నా తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. పనిలో చేరిన తొలి ఏళ్లలో, జీతానికి మించిన బరోలో ఒకటి కొని బీరువా పైన నిలబెట్టి ఉంచాను. తొమ్మిదేళ్ల తర్వాత ఒక మంచి రోజు చూసి అందరినీ పిలిచి తెరిచాను. బిరడా ఎండిపోయి ముక్కలైంది. గ్లాసులో ఇటుక రంగు దాటి మట్టి రంగు. వాసన చూసి ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. నిలబెట్టడం వల్ల బిరడా తడి ఆరింది, పైకప్పు దగ్గర ప్రతి వేసవీ వేడి తగిలింది. చల్లటి, చీకటి చోటు లేకపోతే కుర్ర ఖరీదైన వైన్ కొనడం డబ్బు కాల్చడమే. అప్పుడే తాగడానికి సిద్ధంగా ఉన్నదాన్ని కొనుక్కుని ఆ నెలలోనే తెరవండి. మీ ఆరుగురూ ఏడాదికోసారి తలా కొంత వేసి ఒక పెద్ద సీసా కొనుక్కోండి. ఒక్కరి మీద భారం పడదు, నచ్చలేదని చెప్పడానికీ ఎవరికీ మొహమాటం ఉండదు. పోర్చుగల్ ద్వీపం మదీరాలో చేసే పాత మదీరా వైన్ కూడా ఆలోచించండి. తయారీలోనే వేడినీ గాలినీ చవిచూసిన వైన్ కాబట్టి, తెరిచాక కూడా నెలల తరబడి చెక్కుచెదరదు. వచ్చే నెల, ఆ పై నెల కూడా అదే సీసా తిరగొచ్చు.

ఇక పంచుకోవడం. ధర తెలిశాక అభిప్రాయం మారడం మీ ఒక్కరి బలహీనత కాదు. 2001లో అచ్చైన ఒక అధ్యయనంలో బోర్డోలో వైన్ చదువుతున్న 54 మందికి ఒక తెల్లవైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్రవైన్ మాటలతోనే వర్ణించారు. 2008లో ఇంకో ప్రయోగంలో మూడు వైన్లనే ఐదు ధరలు చెప్పి పోశారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు ఎక్కువ నచ్చిందనడమే కాదు, మెదడులో ఆనందానికి సంబంధించిన భాగమూ ఎక్కువ చురుగ్గా కనిపించింది. అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే బాగుందనిపించింది. ఖరీదైనది తెచ్చిన స్నేహితుణ్ణి ఆటపట్టించకండి.

కాబట్టి సీసాలు దాచండి. కాగితం సంచి చుట్టడం అందరూ చేసేదే, కానీ అది చాలదు. బరువు, భుజం వంపు, మెడ పొడుగు, అన్నీ గుట్టు చెబుతాయి. ఎర్రవైన్లయితే ఒకే రకం జగ్గుల్లోకి వంపి, జగ్గుకు అంకె అంటించండి. ఆ పని చేసినవాళ్లు ఆ రోజు పోటీలో ఉండకూడదు. ఒక సీసా 750 మిల్లీలీటర్లు, మనిషికి 60 చొప్పున పోస్తే పన్నెండు మందికి సరిపోతుంది. ఆరుగురే కాబట్టి రెండో విడతకూ మిగులుతుంది. గ్లాసులన్నీ ఒకే ఆకారంలో ఉండాలి. తెల్లవైన్ మరీ చల్లగా ఉంటే వాసన మూసుకుపోతుంది, ఫ్రిజ్‌లోంచి పావుగంట ముందు తీయండి. గది వేడిగా ఉంటే ఎర్రవైన్‌ని అదే పావుగంట లోపల పెట్టండి. 16 నుంచి 18 డిగ్రీల దగ్గర అది నిలదొక్కుకుంటుంది. వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు.

తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఈ ఒక్క నియమం పెట్టాక మా కూటమి పూర్తిగా మారిపోయింది. అంతకుముందు గొంతు పెద్దదున్నాయన "ఆహా" అనగానే మిగతావాళ్ల పెన్నులన్నీ ఆహా అనే రాసేవి. ఇప్పుడు ముందు రాయడం, తర్వాతే మాట. నచ్చిన వరస, ఊహించిన ధర వరస, ఈ రెండూ రాసి కాగితం బోర్లా పెట్టాలి. ఈ రెండు వరసలూ కలవని చోటే అసలు కబుర్లు మొదలవుతాయి.

ఒకసారి నేను ఒకే వైన్‌ని రెండు అంకెలతో పోయించాను, రెండోది, ఆరోది. మొత్తం ఏడు గ్లాసులు. మాలో అందరికంటే నాలుక చురుకైన ఆవిడ రెండోదానికి "పులుపు ఎక్కువ, సన్నగా ఉంది" అని రాసి ఐదో స్థానం ఇచ్చింది. ఆరోదానికి "గుండ్రంగా ఉంది, ఇది కొంటాను" అని మొదటి స్థానం. సంగతి చెప్పాక ఒక నిమిషం నిజంగానే కోపం వచ్చిందావిడకు. తర్వాత రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చూసింది. రెండోదానికి ముందు తీపి కలిసిన వైన్ ఉంది, ఆరోదానికి ముందు నోరంతా వగరు చేసే కుర్ర కాబర్నే ఎర్రవైన్ ఉంది. ముందు తాగినదాన్ని బట్టి తర్వాతిది మారిపోయింది. అప్పటినుంచి మేం రెండో విడత వెనకనుంచి ముందుకు పోస్తున్నాం.

రాసే మాటల దగ్గర ఒక సలహా. విదేశీ పుస్తకాల్లో బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ అని ఉంటుంది. మీరు ఎప్పుడూ తినని పండు పేరు రాయకండి. మనకు షడ్రుచుల్లోనే వగరు ఉంది. ఎర్రవైన్‌లో టానిన్ అని వాళ్లు చెప్పేది అదే. చిగుళ్లు బిగుసుకుని నాలుక గరుకైతే వగరు, నోటి పక్కల నీరూరితే పులుపు, గొంతులో వెచ్చగా దిగితే ఆల్కహాల్. ఈ మూడూ ఎంతెంత ఉన్నాయో రాస్తే ఎదుటివారికి వైన్ సగం అర్థమవుతుంది. తర్వాత మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో రాయండి. ఇది నేను మనసులో అంకెలు లెక్కపెడతాను. ఐదు లోపే మాయమైతే మామూలు వైన్, ఇరవై దాటితే సీసా వైపు మళ్లీ చూస్తాను. వాసన దగ్గర మాత్రం మీ ఇష్టం, కొత్త చెప్పుల తోలు అనిపిస్తే అదే రాయండి.

ఒక వాసన మాత్రం అందరూ గుర్తుపట్టాలి: తడిసిన అట్టపెట్టె, ఆరని గుడ్డల మూట. అది బిరడా ద్వారా వచ్చే టీసీఏ అనే పదార్థం. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలుస్తుంది. హాని చేయదు కానీ వైన్‌లోని పండు వాసనంతా మింగేస్తుంది. అలాంటి సీసా వచ్చిన రోజు ఆ వైన్ మీద తీర్పు ఇవ్వకండి, మార్చి ఇవ్వమని అడగండి. ఎంత మంచి నిర్మాత సీసాకైనా ఇది పట్టొచ్చు.

ఇంకొకరికి సిఫార్సు చేసేటప్పుడు "చాలా బాగుంది, తప్పక కొనండి" అంటే ఏమీ చెప్పనట్టే. నిర్మాత పేరు, పంట సంవత్సరం, వాళ్లకు ఇప్పటికే తెలిసిన ఏ వైన్‌లా ఉంటుంది, ఎవరికి నచ్చకపోవచ్చు, ఇవి చెప్పండి. "మెర్లో ఇష్టమున్నా దాని మెత్తదనం మరీ ఎక్కువనిపించేవాళ్లకు ఈ కార్మెనేర్" అంటే వినేవాడికి దారి కనిపిస్తుంది. సగం సీసా మూతపెట్టి మర్నాడు రుచి చూసి ఆ సంగతీ చెప్పండి. మర్నాడు ఇంకా బాగున్న వైన్ అయితే దాచదగ్గదని నేను గుర్తు పెట్టుకుంటాను. లేబుల్ ఫొటో తీసేటప్పుడు వెనక వైపుదీ తీయండి. అక్కడ దిగుమతి చేసినవారి పేరు ఉంటుంది. ఒకే దిగుమతిదారు తెచ్చిన మూడు వైన్లు మీకు నచ్చితే, వాళ్ల నాలుక మీ నాలుకకు దగ్గరన్నమాట. నాలుగోదాన్ని కళ్లు మూసుకుని కొనొచ్చు. నాకు కొత్త ప్రాంతాలు పరిచయమైంది ఎక్కువగా ఇలాగే. గ్రీస్ సాంటోరిని ద్వీపంలో గాలికి తట్టుకోవడానికి తీగల్ని నేల మీద బుట్టల్లా అల్లి పెంచే అసిర్టికో వైన్‌ని, ఇలా ఒక వెనక లేబుల్ పట్టుకునే చేరుకున్నాను.

వచ్చే నెలకు ఏం పోయాలో కూడా చెబుతాను: బుడగల వైన్లు మూడు. స్పెయిన్ కవా, ఫ్రాన్స్‌లో షాంపేన్ బయట చేసే క్రెమాన్, ఒక మంచి షాంపేన్. మూడింటిలోనూ బుడగలు సీసాలోనే రెండోసారి పులియడం వల్ల వస్తాయి. మొదటి రెండూ మడ్డి మీద కనీసం తొమ్మిది నెలలు ఉంటాయి, లేబుల్ మీద పంట సంవత్సరం వేయని షాంపేన్‌ని సీసాలో కట్టాక పదిహేను నెలలు దాటితే గానీ అమ్మరు. ఇటలీ ప్రొసెక్కో కలపకండి, దానికి బుడగలు పెద్ద తొట్టిలో పుడతాయి, రుచి దారే వేరు. వీటిని జగ్గులోకి వంపితే నురగ పోతుంది కాబట్టి సీసాలకే గుడ్డ చుట్టి, మూత రేకు పూర్తిగా తీసేయండి. షాంపేన్‌ని మాత్రం మూడో గ్లాసుగా పోయకండి. మంచిది చివర్లో వస్తుందని అందరూ కాచుకుని కూర్చుంటారు.